షుగర్ ఉన్నవాళ్ళు ఏం తినొచ్చు? అందరూ మానెయ్యమనే చెబుతున్నారు

ఉదయరాగం · సోమవారం ఉదయం

అందరికీ నమస్కారం. నాకు టైప్ 2 డయాబెటిస్ అని ఈమధ్యే తేలింది. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 7.8, పరగడుపున 152. డాక్టరుగారు మెట్‌ఫార్మిన్ రాసి, తిండి జాగ్రత్తగా చూసుకోమన్నారు. వివరంగా మాట్లాడే తీరిక అక్కడ దొరకలేదు.

అప్పటినుంచి ఇంట్లో ఎవరికి తోచింది వాళ్ళు చెబుతున్నారు. అన్నం ముట్టుకోవద్దని ఒకరు, పండ్లన్నీ బందు అని ఒకరు, పంచదార బదులు తేనె ఎంతైనా వేసుకోవచ్చని ఇంకొకరు. ఎవరి మాటా కాదనలేక ఒక్కొక్కటే మానేస్తూ వచ్చాను. ఇప్పుడు రాత్రి భోజనం కూడా లేదు. ఆకలికి నిద్ర పట్టదు. పొద్దున్నే చూసుకుంటే మీటర్లో మళ్ళీ 150 దగ్గరే. ఇంక ఏం మానాలో తెలియడం లేదు.

అన్నం నిజంగా పూర్తిగా మానాలా? పండ్ల సంగతేంటి? అనుభవం ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి.

నీటిచుక్క · సోమవారం ఉదయం

ఉదయరాగం గారూ, ముందు ఈ రాత్రి భోజనం చేయండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నాకు షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది. మొదట్లో నాకూ ఇలాంటి జాబితాలే ఇచ్చారు. అన్నిటికంటే ఉపయోగపడింది మీటరే. భోజనానికి ముందు ఒకసారి, తిన్న రెండు గంటలకు ఒకసారి చూసుకుని, ఆ పూట ఏం తిన్నానో, ఎంత తిన్నానో పక్కన రాసుకునేవాణ్ణి. ఒకే అన్నం ఒక పూట 40 పెంచింది, ఇంకో పూట 90 పెంచింది. తేడా ఎక్కడుందా అని చూస్తే ఎంత తిన్నాను, దేనితో తిన్నాను, తిన్నాక నడిచానా కూర్చున్నానా అన్నదాంట్లో కనిపించింది. మీకు ఏది పడుతుందో చుట్టాల కంటే మీ వేలి చుక్కే బాగా చెబుతుంది.

పథ్యం_పలుకు · సోమవారం మధ్యాహ్నం

నేను డైటీషియన్‌గా పనిచేస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదట మీ పొద్దుటి 150 సంగతి. రాత్రి తినకపోయినా రక్తంలో గ్లూకోజు ఎక్కడినుంచి వస్తుందంటే, కాలేయం నుంచి. మనం పస్తున్నంతసేపూ మెదడుకు, కండరాలకు ఇంధనం అందాలి కాబట్టి కాలేయం తన నిల్వలోంచి గ్లూకోజు వదులుతూ ఉంటుంది. తెల్లవారుజామున కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ పెరిగి ఆ విడుదలను ఇంకా పెంచుతాయి. ఇన్సులిన్ సరిగా పనిచేసేవాళ్ళలో దానికి అడ్డుకట్ట పడుతుంది. టైప్ 2లో ఆ అడ్డుకట్ట బలహీనంగా ఉంటుంది. అందుకే పరగడుపు అంకె చూసి రాత్రి తిండిని తిట్టుకోవడంలో అర్థం లేదు. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా చేసే పని కాలేయం నుంచి ఆ విడుదలను తగ్గించడమే. దానికి కొన్ని వారాలు పడుతుంది, గడువు ఇవ్వండి.

ఇక అన్నం. తిన్నవాటిలో రక్తంలో గ్లూకోజును నేరుగా, త్వరగా పెంచేవి పిండిపదార్థాలు. అన్నం, రొట్టె, బంగాళాదుంప, పాలు, పండు, పంచదార, అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. వండిన అన్నం ఒక కప్పులో దాదాపు 45 గ్రాముల పిండిపదార్థాలుంటాయి. ఒక ముక్క బ్రెడ్డులో 15, ఒక కప్పు పాలల్లో 12, మధ్యస్థంగా ఉన్న ఆపిల్‌లో 25, అరటిపండులో 27 వరకు. గుడ్డులో ఒక గ్రాము కూడా ఉండదు. ఈ అంకెలు తెలిస్తే చాలు, సగం భయం పోతుంది. అన్నం మానేసి రెండు కప్పులు వేరే ధాన్యం తింటే లాభం లేదు. అరకప్పు అన్నం, పక్కన కడుపు నిండా కూర, పప్పు తింటే చాలామందికి లెక్క కుదురుతుంది.

కొలతలు అక్కర్లేకుండా కంటితో చూసుకునే పద్ధతి కూడా ఉంది. సుమారు 23 సెంటీమీటర్ల కంచం తీసుకోండి. సగం కంచం పిండి తక్కువున్న కూరగాయలు: ఆకుకూరలు, క్యాబేజీ, బీన్స్, వంకాయ, టమాటా, దోసకాయ లాంటివి. పావు కంచం మాంసకృత్తులు: పప్పులు, గుడ్డు, చేప, చికెన్, పనీరు. మిగిలిన పావులో అన్నమో రొట్టో బంగాళాదుంపో. అన్నం ఆ పావు దాటి గుట్టగా పెరగకూడదు, అంతే నియమం.

అలాగే తినే వరుస. 2015లో టైప్ 2 ఉన్న 11 మందితో చేసిన ఒక చిన్న అధ్యయనంలో, అవే పదార్థాలను కూరగాయలు, మాంసకృత్తులు ముందు, పిండిపదార్థాలు చివర తిన్నప్పుడు, గంట తర్వాత గ్లూకోజు మూడో వంతుకు పైగా తగ్గి కనిపించింది. అధ్యయనం చిన్నదే. కానీ ఖర్చు లేని పని, ఏదీ మానక్కర్లేదు. కూర సగం తిన్నాక అన్నం కలుపుకోండి, రెండు గంటలకు మీటరు చూడండి.

ఉదయరాగం · సోమవారం సాయంత్రం

కాలేయం సంగతి నాకు ఎవరూ చెప్పలేదండీ. రోజూ పొద్దున ఆ అంకె చూసి నేనే ఏదో తప్పు తిన్నానని ఏడ్చేదాన్ని. చాలా చాలా కృతజ్ఞతలు. ఈ రాత్రి తింటాను.

తూర్పుగాలి · సోమవారం రాత్రి

పథ్యం_పలుకు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. పావు కంచం అన్నం ఎందుకు, అది కూడా తీసేస్తే పోయేదేముంది? నేను అన్నం, రొట్టె, చిరుధాన్యాలు అన్నీ ఆపేశాను. కూరగాయలు, గుడ్లు, చేపలు, పెరుగు, గింజలు. బరువు బాగా తగ్గాను. డాక్టరుగారే ఒక్కొక్క మాత్రా తగ్గిస్తూ వచ్చి చివరికి ఆపించారు. ఇప్పుడు హెచ్‌బీఏ1సీ 5.9. శరీరం ఏ పదార్థాన్ని సంభాళించుకోలేకపోతోందో దాన్నే కొంచెం కొంచెం తినమనడం నాకు అర్థం కాదు.

పథ్యం_పలుకు · సోమవారం రాత్రి

తూర్పుగాలి గారూ, మీరు సాధించింది చాలా పెద్దది. పిండిపదార్థాలు తగ్గించిన ఆహారం టైప్ 2కి పనికొచ్చే మార్గాల్లో ఒకటని నేనూ ఒప్పుకుంటాను, నా పేషెంట్లలో కొందరు అదే పాటిస్తారు. నా అభ్యంతరం అదొక్కటే మార్గమన్నట్టు అనుకునేచోట.

బ్రిటన్‌లో డైరెక్ట్ అనే ప్రయోగం జరిగింది, 2017లో ఫలితాలు వచ్చాయి. టైప్ 2 వచ్చి ఆరేళ్ళలోపు ఉన్నవాళ్ళకి మూడు నుంచి ఐదు నెలలపాటు రోజుకు దాదాపు 850 కేలరీలే ఉండే ద్రవాహారం ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తర్వాత 46 శాతం మందికి మందుల్లేకుండానే షుగర్ అదుపులో ఉంది. 15 కిలోలు, అంతకంటే ఎక్కువ తగ్గినవాళ్ళలో ఆ సంఖ్య 86 శాతం. రెండేళ్ళకి మొత్తం మీద 36 శాతం. ఇక్కడ గమనించాల్సింది, ఆ ద్రవాహారంలో సగానికి పైగా కేలరీలు పిండిపదార్థాలవే! పనిచేసింది బరువు తగ్గడం, ముఖ్యంగా కాలేయంలో, క్లోమంలో పేరుకున్న కొవ్వు కరగడం. మీరు అన్నం మానేయడం ద్వారా అక్కడికి చేరారు. ఇంకొకరు అన్నం తగ్గించి, నూనె తగ్గించి, రాత్రి చిరుతిళ్ళు ఆపి చేరవచ్చు. ఏళ్ళ తరబడి నిలబెట్టుకోగలిగేది ఏదైతే అది వాళ్ళ దారి.

ఇంకో రెండు మాటలు. దీన్ని ఉపశమనం అంటారు, పూర్తిగా నయమైపోయిందని కాదు. మందులు ఆపి మూడు నెలలు దాటినా హెచ్‌బీఏ1సీ 6.5 కంటే తక్కువ ఉంటే ఉపశమనం అని 2021లో నిపుణులు ఒక నిర్వచనం పెట్టుకున్నారు. బరువు తిరిగొస్తే షుగరూ తిరిగొస్తుంది, కాబట్టి పరీక్షలు, కళ్ళూ కాళ్ళూ కిడ్నీలు చూపించుకోవడం ఆపకూడదు. రెండోది ముఖ్యం: డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడేవాళ్ళు పిండిపదార్థాలు ఒక్కసారిగా కోసేయకూడదు, ఉపవాసాలూ చేయకూడదు. మీటర్లో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) పేరుకుని ప్రాణం మీదకి రావచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

తూర్పుగాలి · సోమవారం రాత్రి

ద్రవాహారంలో సగం పైగా పిండిపదార్థాలన్న సంగతి నాకు కొత్త. చదువుతాను. నాకు అన్నం లేకుండా హాయిగా ఉంది కాబట్టి నేను ఇలాగే కొనసాగుతాను. అందరికీ అలా ఉండదన్న మాట ఒప్పుకుంటాను.

నిర్వాహకులు · సోమవారం రాత్రి

ఒక విన్నపం. ఎవరి తిండి అనుభవం వాళ్ళు ఎంతైనా రాయండి. మందు మోతాదు తగ్గించమని, ఆపమని మాత్రం ఇక్కడ ఎవరూ సలహా ఇవ్వొద్దు. అది మీ డాక్టరుతో తేల్చుకోవాల్సిన విషయం.

పాత_సైకిలు · మంగళవారం ఉదయం

నిర్వాహకులు చెప్పినదానికి నా అనుభవం జోడిస్తాను. నేను గ్లిమిపిరైడ్ వేసుకుంటాను, రాత్రి ఇన్సులిన్ కూడా. ఒక రాత్రి ఆకలి లేక కొంచెమే తిని పడుకున్నాను. అర్ధరాత్రి ఒళ్ళంతా చెమట, చేతులు వణుకు, గుండె దడ. మాట తడబడుతోందని మా ఆవిడే గమనించి మీటరు పెట్టింది. 48.

కాబట్టి ఎవరైనా సరే, తిండి తగ్గించే ముందు మీ మాత్ర పేరేంటో చూసుకోండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్ళకి షుగర్ పడిపోవడం అరుదట. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వేసుకునేవాళ్ళకి భోజనం మానడం ప్రమాదమే. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరుకి చెప్పాలి, వాళ్ళు మోతాదు మారుస్తారు.

పథ్యం_పలుకు · మంగళవారం ఉదయం

చాలా అవసరమైన మాట చెప్పారు. ఇది ఇంట్లో అందరికీ తెలియాలి కాబట్టి విడిగా రాస్తున్నాను.

మీటర్లో 70 కంటే తక్కువ ఉంటే లో షుగర్ కింద లెక్క. 54 కంటే తక్కువైతే ఇంకా తీవ్రం. వెంటనే 15 గ్రాముల త్వరగా కరిగే చక్కెర తీసుకోవాలి: గ్లూకోజు బిళ్ళలు మూడు నాలుగు, లేదా ఒక టేబుల్‌స్పూను పంచదారో తేనో, లేదా అరకప్పు పండ్లరసం. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి. ఇంకా 70 దాటకపోతే మరో 15 గ్రాములు. మామూలు స్థాయికి వచ్చాక, తర్వాతి భోజనం దూరంగా ఉంటే ఏదైనా కొంచెం తినాలి. చాలామంది చాక్లెట్ నోట్లో పెడతారు. అందులోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా రక్తంలోకి పంపుతుంది, ఆ క్షణానికి అది పనికిరాదు. అకార్బోస్ మాత్ర వాడేవాళ్ళకి పంచదార కూడా త్వరగా పనిచేయదు, ఎందుకంటే ఆ మందు పంచదార విరగకుండా ఆపుతుంది. వాళ్ళ దగ్గర గ్లూకోజే ఉండాలి. మనిషి స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షుగర్‌ను పెంచే గ్లూకగాన్ మందు ఉంటే ఇవ్వాలి, వెంటనే అత్యవసర సహాయం పిలవాలి.

చిన్నారి_తల్లి · మంగళవారం మధ్యాహ్నం

ఈ చర్చలో టైప్ 1 గురించి ఒక మాట రాయకుండా ఉండలేకపోతున్నాను. మా పాపకి టైప్ 1. కనిపించిన ప్రతివాళ్ళూ "స్వీట్లు ఎక్కువ పెట్టారా?" అని అడుగుతారు. టైప్ 1 తిండి వల్ల రాదు. శరీరపు రక్షణ వ్యవస్థే ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. అన్నం మానినా, తీపి మానినా ఇన్సులిన్ లేకుండా ఆ బిడ్డ బతకదు.

1921లో టొరంటోలో ఇన్సులిన్ కనుక్కునేదాకా ఇలాంటి పిల్లలకి వైద్యమంటే పస్తులే. దాదాపు తినకుండా ఉంచి కొన్ని నెలలో, ఒకటి రెండేళ్ళో బతికించేవాళ్ళు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లియోనార్డ్ థాంప్సన్‌కి మొదటిసారి ఇంజెక్షన్ ఇచ్చారు. నేను ఆ చరిత్ర చదివిన రోజు పాప పడుకునేదాకా ఆగి ఏడ్చాను.

ఇప్పుడు మా ఇంట్లో నిషేధం ఏమీ లేదు. తినేదాంట్లో ఎన్ని గ్రాముల పిండిపదార్థాలున్నాయో లెక్కేసి, డాక్టర్లు ఇచ్చిన నిష్పత్తి ప్రకారం ఇన్సులిన్ ఇస్తాం. పుట్టినరోజు నాడు కేకు కూడా తింటుంది, లెక్కేసుకుని. దయచేసి టైప్ 1 పిల్లల తల్లిదండ్రులకి "తిండితో తగ్గించుకోవచ్చు" అని ఎవరూ చెప్పకండి.

నీటిచుక్క · మంగళవారం మధ్యాహ్నం

అమ్మా, మీ పాప చల్లగా ఉండాలి. ఈ మాట అందరూ చదవాలి.

గణకుడు · మంగళవారం సాయంత్రం

పండ్లు, తేనె గురించి ఉదయరాగం గారు అడిగింది మధ్యలో తప్పిపోయినట్టుంది.

తేనె బరువులో దాదాపు 80 శాతం చక్కెరలే. ఒక టేబుల్‌స్పూను తేనెలో 17 గ్రాములు, పంచదారలో 12, 13 గ్రాములు. పేరు మారింది, రక్తంలోకి వచ్చేది మారలేదు. పాత_సైకిలు గారికి షుగర్ పడిపోయినప్పుడు ఆదుకునే వస్తువు, మామూలప్పుడు షుగర్ పెంచకుండా ఎలా ఉంటుంది?

పండ్ల విషయంలో మాత్రం భయం ఎక్కువైంది. పండును పండుగా తినడానికీ రసం తాగడానికీ చాలా తేడా ఉంది. 2013లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో బ్లూబెర్రీలు, ద్రాక్ష, ఆపిల్ లాంటి పండ్లు తినేవాళ్ళలో టైప్ 2 వచ్చే ముప్పు తక్కువగా, పండ్లరసం తాగేవాళ్ళలో ఎక్కువగా కనిపించింది. రసం తీస్తే పీచు పోతుంది, నమలడం పోతుంది, నాలుగు పండ్ల చక్కెర ఒక్క గుటకలో దిగిపోతుంది. ఒకసారికి ఒక చిన్న పండు, భోజనం మీద భోజనంలా కాకుండా విడిగా, వీలైతే గుప్పెడు గింజలతో. నాకు ఇలా కుదిరింది.

ఇంకో సంగతి, ఏ తిండి ఎంత వేగంగా షుగర్ పెంచుతుందో చెప్పే గ్లైసీమిక్ సూచిక పట్టికలు చూసి కంగారు పడేవాళ్ళ కోసం. ఆ సూచికను 1981లో టొరంటోలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది, గ్లూకోజును 100గా పెట్టుకుని. 55 లోపు తక్కువ, 70 పైన ఎక్కువ. చాలా పట్టికల్లో పుచ్చకాయ 70 పైన ఉంటుంది, చాక్లెట్ దానికంటే కింద. అంటే చాక్లెట్ మంచిదనా? సూచిక వేగాన్ని చెబుతుంది, మోతాదును చెప్పదు. వంద గ్రాముల పుచ్చకాయలో పిండిపదార్థాలు 7, 8 గ్రాములే. అందుకే నేను సూచిక కంటే గ్రాముల వైపే చూస్తాను.

ఉదయరాగం · మంగళవారం సాయంత్రం

మరి పొట్లాల మీద "చక్కెర కలపలేదు" అని ఉన్న బిస్కెట్లు? మా అన్నయ్య ప్రేమగా తెచ్చిపెట్టాడు.

గణకుడు · మంగళవారం సాయంత్రం

వెనక్కి తిప్పి మొత్తం పిండిపదార్థాల వరుస చూడండి. చక్కెర లేకపోయినా మైదా ఉంటుంది, అది రక్తంలో గ్లూకోజే అవుతుంది. చక్కెర బదులు మాల్టిటాల్ లాంటివి వేసినా షుగర్ కొంత పెరుగుతుంది, ఎక్కువైతే కడుపు ఉబ్బరం. ఆ అంకెలు వంద గ్రాములకా, ఒక బిస్కెట్టుకా అన్నది కూడా చూడాలి, చాలామంది అక్కడే పొరపడతారు. దినుసుల జాబితాలో ఏది ముందుంటే బరువులో అదే ఎక్కువ. గ్లూకోజు సిరప్పు, మాల్టోడెక్స్‌ట్రిన్ మొదటి రెండు మూడింటిలో కనిపిస్తే నేనైతే పక్కన పెట్టేస్తాను.

పథ్యం_పలుకు · మంగళవారం రాత్రి

కృత్రిమ తీపి గురించి కూడా అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. బరువు తగ్గడానికి ఇవి వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, కానీ ఆ సిఫారసు ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్ళకి వర్తించదని అందులోనే రాసి ఉంది. మీకు టీలో రెండు చెంచాల పంచదార మానడం కష్టంగా ఉంటే కొన్నాళ్ళు ఊతంగా వాడుకోవచ్చు. తీపి మోతాదే మెల్లగా తగ్గించుకుంటూ పోతే నాలుక అలవాటు పడుతుంది, నాకు అదే నచ్చుతుంది.

మౌనవీణ · బుధవారం ఉదయం

మా అమ్మకి షుగర్‌తో పాటు కిడ్నీ సమస్య కూడా ఉంది. ఇక్కడ అందరూ పప్పులు, గింజలు, కూరగాయలు ఎక్కువ తినమంటున్నారు. కిడ్నీ డాక్టరుగారేమో మాంసకృత్తులు తగ్గించమన్నారు, పొటాషియం చూసుకోమన్నారు. ఆవిడకి ఆకలే తక్కువ. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే తినడానికి ఏమీ మిగలడం లేదు. ఏం వండాలో తెలియక రోజూ వంటింట్లో నిలబడిపోతున్నాను.

పథ్యం_పలుకు · బుధవారం మధ్యాహ్నం

మౌనవీణ గారూ, మీ అమ్మగారికి ఈ చర్చలోని సాధారణ సలహాలు యథాతథంగా వర్తించవు. కిడ్నీ దెబ్బతిని ఇంకా డయాలిసిస్ దాకా రానివాళ్ళకి సాధారణంగా కిలో శరీర బరువుకి రోజుకు 0.8 గ్రాముల మాంసకృత్తుల దగ్గర ఉంచుతారు. అంటే 50 కిలోల మనిషికి 40 గ్రాములు. పూర్తిగా మానడం కాదు. మానితే కండ కరిగి మనిషి నీరసించిపోతుంది. డయాలిసిస్ మొదలైతే లెక్క తిరగబడి ఎక్కువ కావాలి. పొటాషియం అందరికీ తగ్గించక్కర్లేదు, రక్తపరీక్షలో ఎంతుందన్నదాన్ని బట్టి నిర్ణయిస్తారు. తగ్గించాల్సి వస్తే కూరగాయలు చిన్న ముక్కలుగా తరిగి ఎక్కువ నీళ్ళలో ఉడికించి ఆ నీళ్ళు పారబోస్తే కొంత పోతుంది.

ఒక్కటి మాత్రం ఇప్పుడే చూసుకోండి. ఉప్పు తగ్గించాలని కొందరు "తక్కువ సోడియం ఉప్పు" వాడతారు. వాటిలో చాలావరకు పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి అది ప్రమాదం. మామూలు ఉప్పే రోజు మొత్తానికి ఒక చెంచా లోపు, అంటే 5 గ్రాముల లోపు వాడండి, పచ్చళ్ళు, పొట్లాల చిరుతిళ్ళలోని ఉప్పు కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

ఇంకో మాట. పెద్దవయసులో, ఆకలి తక్కువగా ఉండి, ఇతర జబ్బులున్నవాళ్ళకి హెచ్‌బీఏ1సీ 7 లోపే ఉండాలన్న పట్టుదల అవసరం లేదు. చాలామందికి 8 దాకా డాక్టర్లే ఒప్పుకుంటారు, ఎందుకంటే వాళ్ళకి షుగర్ పడిపోవడం పెద్ద ముప్పు. ఆ ఇద్దరు డాక్టర్లనీ ఒకరి కాగితం ఒకరికి చూపించి, కిడ్నీ ఆహారం తెలిసిన డైటీషియన్‌ని ఒకసారి కలవండి. అంతవరకు అమ్మకి ఇష్టమైనదే కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు పెట్టండి.

మౌనవీణ · బుధవారం మధ్యాహ్నం

ఆ ఉప్పే వాడుతున్నానండీ. ఇప్పుడే తీసేశాను. డాక్టరుగారికి ఫోన్ చేస్తున్నాను.

గోరువంక · బుధవారం రాత్రి

నేను రోజూ చదివి వెళ్ళిపోతుంటాను, మొదటిసారి రాస్తున్నాను. మా ఆయనకి షుగర్. ఆయన కంచంలో చెయ్యి పెట్టగానే నా కళ్ళు అక్కడికే పోతాయి. "మళ్ళీ వేసుకున్నారా?" అంటాను. ఆయనకి కోపం. ఈమధ్య బయట తిని వస్తున్నారని తెలిసింది. భయంతోనే అంటాను, ప్రేమతోనే అంటాను. ఇంకెలా చెప్పాలి?

పాత_సైకిలు · బుధవారం రాత్రి

అమ్మా, కంచం ముందు కూర్చున్నప్పుడు ఎవరైనా అలా చూస్తుంటే ముద్ద దిగదు. మా ఆవిడ ఒక పని చేసింది. నాకు విడిగా పథ్యం వండడం ఆపేసి ఇంట్లో అందరికీ ఒకే వంట చేసింది. అన్నం గిన్నె వంటింట్లోనే, కూరల గిన్నెలు బల్ల మీద. తిన్నాక ఇద్దరం కలిసి నడకకి వెళ్తాం. అన్నం గురించి మాటే రాదు. నాకు జబ్బు మనిషినన్న భావం పోయింది.

నీటిచుక్క · బుధవారం రాత్రి

ఆ నడక సంగతి పట్టుకోండి. తిన్నాక పది పదిహేను నిమిషాలు నడిస్తే పనిచేస్తున్న కండరాలు ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే గ్లూకోజును లాక్కుంటాయి. నా పుస్తకంలో నడిచిన పూటకీ నడవని పూటకీ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

గోరువంక గారూ, మీవారికి మీటరు చూడటం అలవాటు చేయండి, కానీ ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉంచండి. అంకె ఎక్కువొస్తే ఆయనే ఆలోచించుకుంటారు.

గోరువంక · గురువారం ఉదయం

ఒకే వంట అన్న ఆలోచన నాకు రాలేదు. ఆయనకి విడిగా చప్పిడి కూర, మాకు వేరే. ఈ రోజు నుంచి అందరికీ ఒకటే. పిల్లలకి కూడా మంచిదే కదా, మా చుట్టాల్లో చాలామందికి ఉంది ఈ జబ్బు.

పథ్యం_పలుకు · గురువారం మధ్యాహ్నం

పిల్లలకే కాదు, మీకూ మంచిదే. 2002లో వచ్చిన అమెరికా ప్రయోగం ఒకటుంది. షుగర్ అంచున ఉన్నవాళ్ళు బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాలు నడవడం లక్ష్యంగా పెట్టుకుంటే టైప్ 2 వచ్చే అవకాశం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ ఇచ్చినవాళ్ళలో తగ్గింది 31 శాతం.

ఉదయరాగం గారూ, మీకు చెప్పడం మరిచాను. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బీ12 తగ్గుతుంది. కాళ్ళ తిమ్మిర్లు వస్తే అది షుగర్ వల్లే అని వదిలేయకుండా బీ12 పరీక్ష కూడా అడగండి. మాంసాహారం తినకపోతే మరీ ముఖ్యం. కడుపులో వికారంగా ఉంటే మాత్ర భోజనంతో పాటు వేసుకోండి.

ఉదయరాగం · శుక్రవారం రాత్రి

రోజూ రాత్రి తింటున్నాను. ముందు కూర, పప్పు, తర్వాత అరకప్పు అన్నం. నిద్ర పడుతోంది! నిన్న తిన్నాక రెండు గంటలకు 161, ఈ రోజు 158. ఇవి ఎక్కువా, ఫరవాలేదా? ఇంకో సందేహం, ఆ రెండు గంటలు తినడం మొదలుపెట్టినప్పటినుంచా, ముగించినప్పటినుంచా? ఈ రోజు సాయంత్రం బత్తాయి వలిచాక చూస్తే ఒకసారి 210 వచ్చింది, చేతులు కడుక్కుని మళ్ళీ చూస్తే 139. ఏది నమ్మాలి?

నీటిచుక్క · శుక్రవారం రాత్రి

139నే నమ్మండి. వేలికి అంటిన పండు రసం చుక్కలో కలిస్తే మీటరు దాన్నీ లెక్కేస్తుంది. ప్రతిసారీ సబ్బుతో కడిగి, పూర్తిగా తుడుచుకుని చూడాలి.

సమయం మొదటి ముద్ద నుంచే లెక్క. చాలామంది పెద్దవాళ్ళకి పెట్టే లక్ష్యం భోజనానికి ముందు 80 నుంచి 130, తిన్న తర్వాత 180 లోపు. మీ 161, 158 ఆ లోపలే ఉన్నాయి. మీకు వేరే లక్ష్యం ఉందేమో డాక్టరుగారిని అడగండి. వచ్చే వారం అదే అరకప్పు అన్నాన్ని మధ్యాహ్నం కూడా తిని చూడండి, ఒకరోజు నడిచి, ఒకరోజు నడవకుండా. అంకెలు రాసి ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.